గొమా వాళ్ళ నాన్న

సుగయ గారికి క్షమాపణ చెప్పడం ఊపిరి తీసుకున్నంత అలవాటు. రైల్లో ఎవరైనా ఆయన కాలు తొక్కితే ఆయనే ముందు వంగి క్షమించమంటాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ లిఫ్టులు బాగుచేశాడు. లోపల ఇరుక్కున్నవాళ్ళు తలుపు తెరుచుకోగానే ఎదురుగా కనిపించిన మనిషిని తిట్టడం మామూలే కనుక, ఊళ్ళోవాళ్ళ తిట్లన్నీ ఈయనే తిన్నాడు. తిని తిని మెడ కాస్త ముందుకు వంగిపోయింది. నేను ఆయన పక్కింటిదాన్ని, యొకొయి ఫుమికొని. నాకు అంత మర్యాద లేదు. ఉన్నమాట ముఖాన అనేస్తాను. నా నోటికి తాళం వేయాలని మా ఆయన అంటూండేవాడు. ఆయన పోయాడు, నోరు మిగిలింది.

మాది ఊరి శివారులో తమ అనే కొండల మీద కట్టిన కాలనీ. కట్టిన రోజుల్లో అందరూ పడుచువాళ్ళే, ఇంటికో కారు ఉండేది, కొండ ఎక్కడం దిగడం ఎవరికీ లెక్క లేదు. ఇప్పుడు కింద ఉన్న సూపర్‌మార్కెట్టు మూతపడింది. వారానికోసారి కూరగాయల బండి పాట పెట్టుకుంటూ వస్తుంది. బస్సు వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. సుగయ గారి భార్య పోయాక ఆ ఇంట్లో ఆయనా, గొమా అనే కుక్కా మిగిలారు. గొమా అంటే నువ్వులు. గోధుమరంగు ఒంటిమీద నల్లనువ్వులు చల్లినట్టు ఉంటుంది, అందుకని ఆ పేరు. తోటి ఉద్యోగి ఇంట్లో పుట్టిన కూనని చలికాలంలో కోటు లోపల పెట్టుకుని తెచ్చాడు. పెరిగి పెద్దదయ్యాక కూడా దానికి ఆయన తప్ప మరో లోకం లేదు. కారు చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా పరుగెత్తుకొచ్చేది.

ఆ పరుగే దాని కొంప ముంచింది. కిందటేడు మార్చి నెల, పొద్దున పూట, నేను మేడమీద బట్టలారేస్తున్నాను. సుగయ గారు కారు వెనక్కి తీస్తున్నాడు. గేటు గడియ పడలేదు. నాకు కేక వినిపించింది. కిందికి చూస్తే ఆయన నేలమీద చతికిలబడి, కుక్కని ఒళ్ళో పెట్టుకుని, దానికి క్షమాపణ చెబుతున్నాడు. ఆ మనిషి కారేం నడుపుతాడు? నేనే టాక్సీ పిలిచి ఇద్దరినీ పశువుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. వెనక ఎడమకాలు మొదలంటా తీసేయాల్సి వచ్చింది.

కుట్లు ఊడదీయకముందే సుగయ గారు పోలీసు స్టేషనుకు వెళ్ళి తన లైసెన్సు వాళ్ళ చేతుల్లో పెట్టేసి వచ్చాడు. పెద్దవయసువాళ్ళు అలా తమంతట తాము ఇచ్చేస్తే అందరూ మెచ్చుకుంటారు. కుక్క కాలు ఎలా పోయిందో నాకు తప్ప ఎవరికీ తెలియదు. మా కాలనీ సంఘం అధ్యక్షుడు సమావేశంలో ఆయన్ని లేపి నిలబెట్టి, ఎవరికీ ఏ హానీ జరగకముందే లైసెన్సు వదులుకున్న బాధ్యతగల పెద్దమనిషి అని పొగిడాడు. సుగయ గారు చెవుల దాకా ఎర్రబడిపోయి, లేదండీ, నేను అలాంటివాణ్ణి కాదండీ అన్నాడు. ఎంత అణకువో అని అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఇంకా వంగి, నిజంగానే కాదండీ అన్నాడు. చప్పట్లు ఇంకా పెరిగాయి. మాలో పొగిడితే కాదనడం మర్యాద, కాదన్నకొద్దీ పొగడడం ఇంకో మర్యాద. ఈ రెండు మర్యాదల మధ్య నిజంగా కాదనేవాడు ఏమైపోతాడో ఎవరూ ఆలోచించలేదు. నేను మాత్రం వెనక వరసలో కూర్చుని పళ్ళు కొరుక్కున్నాను. పక్కింటి సంసారం నేనెందుకు బజారున పెట్టాలని ఊరుకున్నాను.

కారు పోయాక కొండమీద బతుకు కష్టమైంది. ఆయనకంటే గొమాకి ఎక్కువ కష్టమైంది. ఇంటి ముందు మెట్లు, మెట్లు దిగితే వాలు. మిగిలిన ఒక్క వెనక కాలితో పైకి ఎక్కలేక మధ్యలో కూలబడేది. ఆయన ఎత్తుకుని దించి, ఎత్తుకుని ఎక్కించి, నడుము పట్టేసి రెండ్రోజులు పడుకున్నాడు. చివరికి అది షికారుకి తీసుకెళ్ళే మెడపట్టీ చూపించినా లేవడం మానేసింది. తోక ఒక్కసారి నేలకేసి కొట్టి కళ్ళు మూసుకునేది. చదునైన చోట రోజూ నడిపించకపోతే మిగిలిన కాలు కూడా పనికిరాకుండా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. దాంతో సుగయ గారు ఇల్లు మారాలనుకున్నాడు.

రైలు దూరంలో ఉన్న కిచిజొజి అనే చోట పార్కు పక్క పేట ఆయన మనసులో పడింది. అక్కడ అన్నీ నడకలోనే ఉంటాయి. టోఫూ అంగడి, స్నానాల ఇల్లు, పశువుల డాక్టరు, కాఫీ హోటళ్ళ గుమ్మాల్లో కుక్కలకి నీళ్ళ గిన్నెలు. కానీ ఒంటరి ముసలివాడికి ఇల్లు ఎవరిస్తారు? లోపల పోయి పడి ఉంటే ఎన్నాళ్ళకి తెలుస్తుందోనని ఇంటివాళ్ళ భయం. పైగా కుక్క కూడానూ, గోరుచుట్టు మీద రోకటిపోటు. కనుక్కుని ఫోను చేస్తామన్న ఏజెంట్లలో ఒక్కడూ చేయలేదు. ఆఖరికి హోరికిరి గారనే ఇంటావిడ, ముందు కుక్కని తీసుకురండి, దాన్ని చూసి చెబుతానని కబురు పంపింది. ఏదైనా జరిగితే పిలవడానికి ఓ మనిషి ఉండాలి కదా, సుగయ గారికి పిల్లలు లేరు, అందుకని నన్ను తోడు రమ్మన్నాడు. గొమాని చక్రాల సంచీలో కూర్చోబెట్టుకుని రైలెక్కాం.

హోరికిరి గారు డెబ్బై దాటిన మనిషి. పెదాలకి ఎర్రరంగు, చంకలో పొట్టికాళ్ళ కుక్క. రెండంతస్తుల చిన్న భవనం ఆమెది, కింద ఎడమవైపు తనే ఉంటుంది. సంచీలోంచి దిగిన గొమా మూడు కాళ్ళమీద నిలదొక్కుకోవడం చూడగానే ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత సుగయ గారి వైపు తిరిగి, తనే అన్నీ కల్పించేసుకుంది.

"ఎవరో పారేస్తే మీరు చేరదీశారా దీన్ని?"

"లేదండీ, అలాంటిదేం కాదండీ," అన్నాడు సుగయ గారు.

"ఈ వయసులో, ఒక్కరే ఉంటూ, కాలు లేని పిల్లని తెచ్చుకున్నారంటే మీది ఎంత మంచి మనసండీ."

"కాదండీ. నేను మంచివాణ్ణి కాదండీ."

హోరికిరి గారి కళ్ళు చెమర్చాయి. మంచివాళ్ళంతా ఇదే మాట అంటారంది. ఇల్లు ఆయనకేనని అక్కడికక్కడే చెప్పేసింది. సుగయ గారు మళ్ళీ ఏదో అనబోయాడు, కానీ ఆవిడ అప్పటికే గొమా ముందు కూర్చుని దాని గడ్డం నిమురుతోంది. ఆయన నావైపు చూశాడు. మింగలేడు, కక్కలేడు. నాకు జాలి వేయలేదు, ఒళ్ళు మండింది.

సరే పార్కు చూద్దాం రమ్మని ఆవిడ మమ్మల్ని తీసుకెళ్ళింది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఇక్కడ పార్కు దాటడానికి పావుగంట కూడా పట్టలేదు. ఆ పేటలో అందరికీ కుక్కల పేర్లే తెలుసు, మనుషుల పేర్లు ఎవరికీ అక్కర్లేదు. ఎదురుపడ్డ ప్రతివాళ్ళకీ హోరికిరి గారు, వీరు గొమా వాళ్ళ నాన్న, కాలు లేని దాన్ని చేరదీసి పెంచుకుంటున్నారు అని చెప్పుకుంటూ పోయింది. ఒకాయన టోపీ తీసి వంగాడు. ఒకామె తన కుక్క కోసం తెచ్చిన ఎండుచేప ముక్కలన్నీ గొమాకి పెట్టేసింది. సుగయ గారు కాదు కాదంటూ నడుస్తున్నాడు. అన్నకొద్దీ వాళ్ళ ముఖాలు ఇంకా మెత్తబడుతున్నాయి. ఆయన ముఖం చూస్తే నడిబజారులో పంచె ఊడినవాడిలా ఉంది.

ఆ సమయంలోనే గొమా పరుగెత్తింది. చెరువు పక్క చదునైన మట్టిదారి, ఆకులు రాలి మెత్తగా ఉంది. అటునుంచి ఇంకో కుక్క వస్తూంటే చూసి ఇది పట్టీ లాగింది. తర్వాత రెండు గెంతులు, మూడు గెంతులు, ఇంక ఆపలేకపోయాం. మూడు కాళ్ళమీద ఒక పక్కకి ఒరిగి, నాలుక బయటపెట్టి, పరుగెత్తింది. మార్చి నెల తర్వాత దాన్ని అలా చూడడం అదే మొదలు. సుగయ గారు దాని వెనక పరుగెత్తాడు. తిరిగి వచ్చేసరికి ఆయన కళ్ళు తడిసి ఉన్నాయి. ఆ కన్నీళ్ళు చూసి పార్కులో వాళ్ళు ఇంకాస్త మెచ్చుకున్నారు.

తిరుగు రైల్లో ఆయన, నేను కాదనే చెప్పాను కదండీ యొకొయి గారూ అన్నాడు, నా వైపు చూడకుండా.

"కాదన్నారు. జరిగింది చెప్పలేదు. ఆ రెండూ ఒకటేనని మీ మనసు కూడా అనుకోవడం లేదు, అందుకే నన్నడుగుతున్నారు," అన్నాను.

ఆయన సంచీకున్న జాలీలోంచి గొమాకి వేలు అందించాడు. ఆ తర్వాత చాలా రోజులు మా ఇంటి గుమ్మం తొక్కలేదు. చెత్త సంచీ పెట్టడానికి వచ్చినప్పుడు కూడా నేను లోపలికి వెళ్ళేదాకా ఆగి వచ్చేవాడు. తేలు కుట్టిన దొంగ కూడా అంత చాటుగా తిరగడు. అడకత్తెరలో పడ్డాడని నాకు తెలుసు. నిజం చెబితే ఇల్లు పోతుంది, ఇల్లు పోతే గొమా కాలు పోతుంది. చెప్పకపోతే రోజూ ఆ పార్కులో దండాలు అందుకోవాలి.

అద్దె ఒప్పందం మీద, సంతకానికి బదులు, ముద్ర వేసే రోజు వచ్చింది. హోరికిరి గారి ముందుగదిలో చాపమీద కూర్చున్నాం. టీ, చెస్ట్‌నట్ మిఠాయి పెట్టింది. ఆ గదిలో ఇంకో అమ్మాయి కూడా ఉంది. పేరు అయనొ, పై అంతస్తులో ఉంటుంది, దంతాల ఆసుపత్రిలో పని. ఒళ్ళో ముసలి కుక్క, రెండు కళ్ళూ తెల్లబడిపోయి చూపు లేదు. ఆ కుక్కని ఆమె దిక్కులేని కుక్కల ఆశ్రమం నుంచి తెచ్చుకుందట. అది గోడలకి గుద్దుకుంటూ, రాత్రంతా ఏడుస్తూంటే తట్టుకోలేక తిరిగి ఇచ్చేద్దామనుకుందట.

"అప్పుడే హోరికిరి గారు మీ గురించి చెప్పారు. ఆయన ఆ వయసులో చేయగలిగింది నేను చేయలేనా అనిపించి సిగ్గేసింది. మీ వల్లే ఇది నా దగ్గర ఉండిపోయింది. ఈ మాట మీకు ఎదురుగా చెప్పాలని వచ్చాను," అంది అయనొ.

చేతులు చాపమీద ఆనించి తల వంచింది. పాతికేళ్ళ పిల్ల అలా తల వంచడం చూసి నాకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. సుగయ గారి చేతిలో ముద్ర ఉంది, సిరాలో అద్దడానికి తీసినది. దాన్ని కింద పెట్టేశాడు. మోకాళ్ళమీదే వెనక్కి జరిగి, నుదురు చాపకి తగిలేలా వంగాడు.

"ఆ కాలు నేనే తీశాను. నా కారు దానిమీదికి ఎక్కించాను. గేటు వేయడం మరిచిపోయాను. వెనక్కి చూడలేదు."

హోరికిరి గారు చిన్నగా నవ్వింది. అయ్యో, అయనొ మనసు తేలికపరచడానికి మీ మీద మీరే ఇంత వేసుకోవాలా అంది. నిజం చెబుతున్నా వినేవాళ్ళు లేరు. ఆయన నుదురు చాపమీద నుంచి ఎత్తలేదు. ఇంక నావల్ల కాలేదు.

"అది అణకువ కాదండీ. ఆయన చెప్పింది చెప్పినట్టు జరిగింది. నేను మేడమీద నుంచి చూశాను. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నేనే," అన్నాను.

హోరికిరి గారి నవ్వు అలాగే ఉండి, మెల్లగా పోయింది. అయనొ తన కుక్కని ఎత్తుకుని బయటికి వెళ్ళింది. పైకెక్కే ఆమె అడుగులు మాకు వినబడుతూనే ఉన్నాయి. సుగయ గారికి తల కొట్టేసినట్టయింది. లేవమన్నా లేవలేదు. హోరికిరి గారు చల్లారిన టీ పారబోసి మళ్ళీ పోసింది. కాసేపటికి, మరి కాదన్నప్పుడు ఇది చెప్పలేదేమండీ అని అడిగింది. చెబితే ఇల్లివ్వరని భయపడ్డాను, అంతే, మర్యాదా లేదు ఏమీ లేదు, అన్నాడాయన. ఆ మాట మాత్రం ఆవిడ నమ్మింది.

"చూడండి. మీ గురించి ఈ పేటంతా చెప్పింది నేను. అబద్ధం నా నోటితోనే తిరిగింది కనుక, నిజం కూడా నేనే తిరిగి చెప్పాలి. ఒక్కరిని వదలకుండా చెబుతాను. ఇల్లు ఆదివారం దాకా మీకోసం ఉంచుతాను. అందరికీ తెలిసిన తర్వాత ఇక్కడ తిరగగలననుకుంటే రండి," అంది.

ఆవిడ మీద అప్పటిదాకా నాకు మంచి అభిప్రాయం లేదు. ఆ రోజు కలిగింది. కానీ సుగయ గారు వెళ్ళడని నేను గట్టిగా అనుకున్నాను. కాలు తొక్కించుకుని క్షమాపణ చెప్పే మనిషి, పేటంతా వేలెత్తి చూపే చోట కాపురం పెడతాడా? శనివారం ఆయన మా వసారాలో కూర్చున్నాడు. ఒడిలో గొమా. నేను ముల్లంగి ఊరగాయ ముక్కలు కోస్తూ, ఇక్కడే ఉండండి, ఇక్కడ ఎవరికీ తెలియదు, నేను చచ్చినా చెప్పను అన్నాను. నిజం చెప్పాలంటే అందులో నా స్వార్థం కూడా ఉంది. పక్కింట్లో దీపం వెలగకపోతే సాయంత్రాలు నాకూ బాగుండవు.

ఇక్కడ చప్పట్లు కొట్టారండీ, అన్నాడాయన. ఆ రోజు నుంచీ ఎవరు పలకరించినా ఆ చప్పట్లే వినిపిస్తాయనీ, సిగ్గుతో చచ్చిపోతున్నాననీ చెప్పాడు. అక్కడైతే ఇంకా సిగ్గు కదా అన్నాను. అవునన్నాడు.

"అయినా అక్కడ గొమా పరుగెత్తింది కదండీ," అన్నాడు.

మర్నాడే హోరికిరి గారికి వస్తున్నానని ఫోను చేశాడు. రెండు వారాల్లో సామాను కట్టేశాం.

మాలో కొత్తగా దిగినవాళ్ళు ఆ రోజే కానుకగా తువ్వాళ్ళ పెట్టెలు పట్టుకుని ఇంటింటికీ వెళ్ళి పరిచయం చేసుకోవాలి కదా. ఆయన గొమాని పట్టీతో నడిపించుకుంటూ బయల్దేరాడు, పెట్టెలు నేను పట్టుకున్నాను. మొదటి గుమ్మం దగ్గరే నా గుండె ఆగినంత పనైంది. నా పేరు సుగయ, కింద కుడివైపు ఇంట్లో దిగాను, ఈ కుక్క మీదికి కారు ఎక్కించింది నేనే, అని చెప్పాడు. వాళ్ళకి ముందే తెలుసు, హోరికిరి గారు మాట నిలబెట్టుకుంది. అయినా తెలిసినదాన్ని ఆయన నోటితో వినడం వాళ్ళకి కష్టంగా ఉంది. ఒకాయన చూపు తిప్పుకుని పెట్టె అందుకున్నాడు. ఒకామె అవసరం లేదని తలుపు వేసేసింది. ఆ రోజు పార్కులో టోపీ తీసి వంగినాయన వీధిలో ఎదురయ్యాడు, ఈసారి టోపీ తీయలేదు. నేను సుగయ గారి చొక్కా చెయ్యి లాగి, పేరు చెబితే చాలదా, ప్రతి గుమ్మంలో ఉరేసుకోవాలా అని గొణిగాను. చాలదండీ అన్నాడు. ముఖం కందగడ్డలా ఉంది, మెడ మీద చెమట. అయినా గొమాని ఎత్తుకుని మెట్లెక్కి, పై అంతస్తుకి వెళ్ళాడు.

చివరి తలుపు అయనొది. ఆమె తలుపు సగం తీసి నిలబడింది. ఆయన గొమాని దించి, నడుము వంచి, అన్ని చోట్లా చెప్పిందే చెప్పాడు. మీ చేత నాకు తల వంచించుకున్నాను, అది ఎలా తీర్చుకోవాలో తెలియడం లేదమ్మా అన్నాడు. అయనొ కింద కూర్చుని, గొమా తుంటి దగ్గర, కాలు ఉండాల్సిన చోట, చెయ్యి వేసింది. అది కదలకుండా నిలబడింది.

"ఆ తర్వాత మిమ్మల్ని కరిచిందా?" అని అడిగింది తలెత్తకుండా.

"లేదు. ఆపరేషనయ్యాక తెలివి రాగానే నా చెయ్యి నాకింది," అన్నాడు సుగయ గారు. "కరిచి ఉంటే ఇంత సిగ్గు ఉండేది కాదమ్మా."

అయనొ నా దగ్గర్నుంచి తువ్వాలు పెట్టె తీసుకుని లోపల పెట్టింది. చెప్పులు వేసుకుని, తన గుడ్డికుక్కని భుజాన వేసుకుని బయటికి వచ్చింది. పార్కుకి వెళ్తున్నాం, వస్తావా అంది. ఆ మాట గొమాతోనే అంది, ఆయన వైపు చూడనైనా లేదు. గొమా తోక ఊపి మెట్ల వైపు తిరిగింది. పట్టీ రెండో కొస ఆయన చేతిలో ఉంది కనుక ఆయనా వెళ్ళాడు.